వేరు ఆస్తి, ఆకు అప్పు: నీళ్లు పోయకుండా అక్వేరియం మొదలుపెట్టడం వెనకున్న సంగతి

"తొట్టి తెచ్చి నెల దాటె. మట్టి వోస్తివి, మొక్కలు వెడ్తివి, లైటు వెడ్తివి. ఇగ నీళ్లెప్పుడు వోస్తవ్ బిడ్డా?"

మా అమ్మ అడిగింది. హన్మకొండలో మా ఇంటి ముందుగదిలో రెండడుగుల గాజు తొట్టి. దాని మూతికి వంటింట్లో గిన్నెల మీద కప్పే పలచని ప్లాస్టిక్ పొర బిగించి ఉంది. లోపలి గోడలకు చెమట పట్టి బొట్లు బొట్లుగా కారుతోంది. అడుగున నల్లటి మట్టి, దాని మీద మెంతి మొలకల కన్నా చిన్న ఆకులు. చేప లేదు, చుక్క నీరు కనబడదు. "నారుమడి అనుకో అమ్మా" అన్నాను. పరకాల దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి నారు పోసిన మనిషి కాబట్టి ఇంకో మాట చెప్పాల్సిన పని పడలేదు. "గట్లనా. మరి నాటెప్పుడు?" అంది.

ఈ పద్ధతి గురించి అడగాల్సిన అసలు ప్రశ్న అదే. దీన్ని చేసేవాళ్లలో ఎక్కువమంది నారు పోయడం దగ్గరే ఆగిపోతారు. అరచేతి మందాన పచ్చగా అల్లుకున్న తివాచీని ఫోటో తీసి మురిసిపోతారు. నీళ్లు పోసిన పది రోజులకు అదంతా పసుపెక్కి కుళ్లితే, అమ్మిన దుకాణాన్ని తిట్టుకుంటారు.

దీని పేరు డ్రై స్టార్ట్. అమెరికాకు చెందిన టామ్ బార్ అనే మొక్కల అక్వేరియం నిపుణుడు దీన్ని అభిరుచి గలవాళ్లలో బాగా ప్రచారం చేశాడు. చేసే పని చిన్నదే. తొట్టి అడుగున పోషకాలున్న మట్టి పోసి, దాన్ని తడిపి, నేలను పట్టి పాకే మొక్కలను చిన్న చిన్న కుదుళ్లుగా నాటి, మూత బిగించి, రోజూ పది పన్నెండు గంటలు లైటు వేసి, నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగడం. వేళ్లు మట్టిని పట్టుకున్నాక నీళ్లు నింపడం.

పేరులోనే ఒక అబద్ధం ఉంది. ఇందులో ఎండేది ఏదీ లేదు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, గాలి ఆవిరితో నిండి ఉండాలి. నీరు మాత్రం మట్టి పైకి తేలి నిలబడకూడదు. గాజు పక్కనుంచి చూస్తే నీటి గీత మట్టి పై అంచుకు కొంచెం కిందే కనబడాలి. మనకు దీనికి ఇంతకన్నా మంచి మాట ఎప్పటినుంచో ఉంది: ఆరుతడి.

గాలిలో ఏముంది, నీళ్లలో ఏం లేదు

మొక్కను గాలిలో ఉంచితే ఎందుకు వేగంగా పెరుగుతుందని అడిగితే, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కదా అంటారు. నేనూ చాలాకాలం అదే చెప్పేవాణ్ని. లెక్క వేస్తే ఆ మాట నిలవదు. ఇప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు దాదాపు 420 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉంది. లీటరు గాలికి కొలిస్తే ముప్పావు మిల్లీగ్రాము. ఆ గాలి కింద ఊరికే నిలబెట్టిన నీటిలో, 25 డిగ్రీల దగ్గర, లీటరుకు 0.6 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంటే లీటరుకు లీటరు పోల్చితే రెండూ దాదాపు సమానమే.

తేడా నడకలో ఉంది. ఈ వాయువు నీటిలో వ్యాపించే వేగం గాలిలో కన్నా సుమారు పదివేల రెట్లు తక్కువ. ఆకు తన పక్కనున్న కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కున్నాక, ఆ ఖాళీని నింపడానికి గాలిలో క్షణం పట్టదు. నీటిలో ఆకును అంటిపెట్టుకుని కదలని ఒక పలచటి నీటి పొర ఉంటుంది. దాన్ని దాటి రావడానికే వాయువు ఆపసోపాలు పడుతుంది. వాకిట్లో బియ్యం బస్తా ఉన్నా చేట నిండని సంసారం అది. మొక్కల తొట్లలో సిలిండరు పెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు పెంచుతారు కదా, అది మామూలు నీటి కన్నా యాభై రెట్లు. అంత పోస్తేగానీ ఆ మందగమనానికి విరుగుడు దొరకదు.

డ్రై స్టార్ట్‌లో ఈ బాధ లేదు. సిలిండరు లేకుండానే ఆకుకు కడుపునిండా తిండి, పైన లైటు, కింద మట్టిలో ఎరువు. అందుకే మొక్క పరుగు తీస్తుంది. మన వరి కూడా ఇదే కిటుకు మీద బతుకుతుంది. వరి నీళ్లలో పెరిగే పంట అంటాం కానీ దాని కాలు నీళ్లలో, తల గాలిలో. వాన వరదై మడి పూర్తిగా మునిగి వారం దాటితే ఆ నీటి మొక్కే ఊపిరాడక కుళ్లుతుంది. అక్వేరియంలో వాడే చాలా మొక్కలూ పుట్టుకతో ఇలాంటివే. కుంటల ఒడ్డున, వాగుల అంచున సగం ఏడాది మునిగి, సగం ఏడాది తేలి బతికేవి. ఎండాకాలం వస్తూనే పాకాల చెరువు నీరు వెనక్కి జరిగినచోట, పదునుగా ఉన్న ఒండ్రు మీద జానెడు ఎత్తు లేని పచ్చదనం పరుచుకుంటుంది. చెరువు ఏటా తనంతట తాను చేసుకునే డ్రై స్టార్ట్ అది. వాటిలో చాలా మొక్కలు పూత పూసేది కూడా ఆకు బయటికి వచ్చిన ఆ కాలంలోనే. నర్సరీలవాళ్లకు ఈ సంగతి తెలుసు. దుకాణంలో మీరు కొనే కుండీ మొక్క చాలామటుకు నీటి బయట పెరిగినదే.

ఇక్కడిదాకా అంతా లాభమే. చిక్కు ఆకు దగ్గర మొదలవుతుంది.

గాలిలో పుట్టిన ఆకు గాలి కోసం కట్టిన ఇల్లు. తడి ఆరిపోకుండా పైన మైనపు పూత, గాలి పీల్చడానికి కిటికీల్లాంటి పత్రరంధ్రాలు, నిటారుగా నిలవడానికి గట్టి కణజాలం. నీటిలో పుట్టే ఆకుకు ఇవేవీ అక్కర్లేదు. పైపూత నామమాత్రం, రంధ్రాలు ఉండీ లేనట్టు, ఆకు ఉల్లిపొర లాగా పలచన. అప్పుడే అది ఒళ్లంతా నోరు చేసుకుని నీటిలోంచి వాయువును పీల్చగలదు. ముదిరిన గాలి ఆకును నీటి ఆకుగా మార్చుకోవడం మొక్క చేతిలో లేదు. పాత ఇంటిని కూల్చి కొత్తది కట్టాల్సిందే. మునిగిన మొక్కలో ఇథిలీన్ వంటి హార్మోన్ల లెక్క మారుతుంది, కొసన వచ్చే కొత్త ఆకులు వేరే రూపంలో వస్తాయి. పాత ఆకుల్లోని సారాన్ని మొక్క వెనక్కి లాక్కుంటుంది. అవి పసుపెక్కి, గాజులా పారదర్శకమై, జారిపోతాయి. అభిరుచివాళ్లు 'మెల్ట్' అనేది దీన్నే.

కాబట్టి ఆరు వారాలు కష్టపడి పెంచిన పచ్చదనంలో మీకు మిగిలేది ఎంత? ఆకు కాదు. అది నీళ్లు పోసిన రోజునుంచి తిరిగి కట్టాల్సిన అప్పు. మిగిలేది వేరు, నేలమీద పాకిన తీగ, వాటిలో దాచుకున్న పిండిపదార్థం. ఆ నిల్వతోనే మొక్క కొత్త ఆకులు కట్టుకుంటుంది. మొదటి రోజే నీళ్లలో నాటిన మొక్కకు ఈ పెట్టుబడి ఉండదు. పైగా వేరు పట్టకముందే కుదుళ్లు ఊడి పైకి తేలతాయి, రొయ్యలుంటే పీకి పారేస్తాయి. డ్రై స్టార్ట్ కొనిపెట్టేది ఆ పునాదిని. దాన్ని మొక్కల అందం పెంచే పద్ధతిగా చూసినవాళ్లకే నిరాశ మిగులుతుంది.

మూడు మాటలు, ఒక్కొక్కటి సగం నిజం

డ్రై స్టార్ట్ చేస్తే పాచి రాదంటారు. కొత్తగా నీళ్లు నింపిన తొట్టిలో మట్టి నుంచి అమ్మోనియా ఊరుతుంది, మొక్కలు ఇంకా కోలుకోవు, లైటు మాత్రం దండిగా ఉంటుంది. ఆ విందు మొత్తం పాచిదే. నీరే లేనప్పుడు నీటి పాచికి చోటు లేదు, నిజమే. కానీ తడి మరీ ఎక్కువైతే మట్టి మీద జిగురుగా నీలిపచ్చ పొర కడుతుంది. అది సయనోబ్యాక్టీరియా. గాలి ఆడకపోతే బూజు పడుతుంది, ముఖ్యంగా అలంకారానికి పెట్టిన కట్టె మీద. రోజుకొకసారి ఐదు పది నిమిషాలు మూత తీస్తే చాలావరకు తగ్గుతుంది. మొండికేసిన చోట మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను దూదితో అద్దవచ్చు. నాచును (పాచి కాదు, తొట్లలో అందానికి పెంచే మాస్ మొక్క) పెరుగులో రుబ్బి రాళ్లకు పూస్తే త్వరగా పట్టుకుంటుందని ఒక చిట్కా తిరుగుతోంది. మన ఎండలకు పెరుగు సంగతి నేను చెప్పాలా? బూజుకు పిలిచి పీట వేసినట్టే. నాచును సన్నగా తరిగి ఉత్త నీళ్లతో పరిస్తే సరిపోతుంది.

రెండోది, తొట్టి 'సైకిల్' అయిపోతుంది, అంటే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ముందే కుదురుకుంటుంది, నీళ్లు పోసిన రోజే చేపలు వేసుకోవచ్చు అన్న మాట. దీన్ని నమ్మితే చేపలు చస్తాయి. తడిగా, గాలి ఆడేలా ఉన్న మట్టిలో అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరుగుతుంది, అబద్ధం కాదు. అయితే ఫిల్టరు ఇంకా తిరగలేదు, దాని స్పాంజి ఖాళీగా ఉంది. పైగా మట్టి మునగగానే అందులోకి ఆక్సిజన్ వెళ్లడం పడిపోతుంది. చెలకకు, కరిగెట చేసిన వరి మడికి మధ్య ఉన్న తేడానే ఇది. వరికి నైట్రేటు ఎరువు ఎందుకు వేయరంటే, నీళ్లు నిలిచిన మట్టిలో దాన్ని వేరే సూక్ష్మజీవులు నత్రజని వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తాయి. తొట్టి మట్టిలో కూడా నీళ్లు పోసిన రోజున ఇలాంటి ప్రభుత్వ మార్పే జరుగుతుంది. పాత బ్యాక్టీరియాలో కొంత పదవి కోల్పోతుంది. అదే సమయంలో కరిగే ఆకుల నుంచి కొత్త అమ్మోనియా దిగుతుంది. నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపేదాకా చేప వేయకూడదు. అందుకు మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. నడుస్తున్న పాత తొట్టి ఉంటే దాని ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి కొత్తదాంట్లో వేయండి, పని తొందరగా అవుతుంది.

సిలిండరు అక్కర్లేదన్నది మూడో మాట, అన్నిటికన్నా ఖరీదైనది. నీళ్లు పోసేదాకా అక్కర్లేదు. ఆ తర్వాత మొదటి నెలే దాని అవసరం అన్నిటికన్నా ఎక్కువ, ఎందుకంటే మొక్క ఇల్లు కూల్చి కట్టుకునేది అప్పుడే. క్యూబా, మాంటె కార్లో, గ్లాసోస్టిగ్మా లాంటి తివాచీ మొక్కలకు ఆ ఏర్పాటు లేకుండా డ్రై స్టార్ట్ చేస్తే, ఓటమిని రెండు నెలలు వాయిదా వేసుకున్నట్టు, అంతే. సిలిండరు వద్దనుకుంటే మొక్కను మార్చుకోవడం మేలు. క్రిప్టోకొరైన్, అనూబియాస్, నాచులు నిదానస్తులు. నీళ్లలోకి వెళ్లినా అంత గోల చేయవు.

మొక్క ఎంపికలో ఇంకొకటి చూడాలి. దానికి గాలి రూపం అసలు ఉందా? హైడ్రిల్లా, వాలిస్నేరియా, కబోంబా పూర్తిగా నీటి జీవులు. చెరువులోంచి హైడ్రిల్లా పోగును తీసి గట్టు మీద వేస్తే ఎంతసేపట్లో వాడిపోతుందో పిల్లలకు కూడా తెలుసు. వాటికిది పనికిరాదు. తొట్లలో పెంచే ఎర్రాకుల ఆల్టర్నాంథెరా మన పొన్నగంటికి బంధువు, సన్నగడ్డిలా ఉండే ఎలియోకారిస్ మన తుంగ కుటుంబం, హైగ్రోఫిలాలు నీరుగొబ్బి దాయాదులు. ఈ జాబితా చూస్తే ఏది గాలిలో బతకగలదో ఊహించడం కష్టం కాదు. కుండీలో కాక ప్లాస్టిక్ కప్పులో జెల్లీ మీద పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు కొంటే ఆ జెల్లీని పూర్తిగా కడగాలి, లేకపోతే బూజుకు అదే మేత. అవి నూరు శాతం తేమలో పుట్టి పెరిగిన సుకుమారాలు కాబట్టి మొదటి వారం మూత గట్టిగా ఉంచి, తర్వాతే కొంచెం కొంచెం గాలి అలవాటు చేయాలి.

మన ఎండ, మన నీళ్లు, మన మట్టి

ఈ పద్ధతి గురించి బయట చెప్పే సూచనలు చాలావరకు చల్లటి దేశాల ఇళ్లను మనసులో పెట్టుకుని చెప్పినవి. మొక్కకు 24 నుంచి 28 డిగ్రీలు హాయి. వరంగల్‌లో మే నెలలో బయట 44, 45 దాకా పోతుంది. మూత వేసిన గాజు తొట్టి, దాని మీద లైటు, ఇక లోపల ఉడుకు ఎంతో ఆలోచించండి. నా మొదటి ప్రయత్నం ఏప్రిల్‌లో. క్యూబా కుదుళ్లు పదో రోజుకు ఉడికిన పాలకూరలా అయ్యాయి. వేడికి మూత తీస్తే తేమ పోయి ఎండుతుంది, మూస్తే ఉడుకుతుంది. ఆ నెలలో మధ్యేమార్గం లేదు.

అందుకని నాది ఇప్పుడు రైతు క్యాలెండరే. మృగశిర కార్తెకు ఊరంతా చేపలు తినే పనిలో ఉంటుంది, నేను చేపల ఇంటికి మట్టి సిద్ధం చేసుకుంటాను. వానలు కుదురుకున్నాక జులైలో నాటితే గాలిలో తేమ దానంతట అదే ఉంటుంది, బతుకమ్మ నాటికి నీళ్లు పోయొచ్చు. డిసెంబరులో మొదలుపెడితే చావవు కానీ, చలి రాత్రులకు పెరుగుదల మందగించి ఎనిమిది వారాల పని పన్నెండుకు సాగుతుంది.

నీటి విషయంలో పెద్దగా ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. మనది గ్రానైటు నేల, బోరు నీళ్లు చాలాచోట్ల కఠినం. కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే సాక్ష్యం. నీళ్లున్న తొట్టిలో వారం వారం నీళ్లు మారుస్తాం కాబట్టి ఉప్పులు బయటికి పోతాయి. డ్రై స్టార్ట్‌లో పోవడానికి దారి లేదు. మూత తీసినప్పుడల్లా ఆవిరి పోతుంది, మనం పిచికారీ చేస్తాం, ఆ నీటిలోని ఉప్పు మాత్రం మట్టిలోనే, ఆకు మీదే మిగులుతుంది. ఆరు వారాలకు ఆకుల అంచున తెల్లటి పొడి కనబడుతుంది. జులైలో నాటడంలో ఇంకో సుఖం ఇక్కడే: మొదటి రెండు మూడు వానలు డాబాను కడిగి పోయాక పట్టుకున్న వాన నీళ్లను మించింది లేదు. లేదంటే ఆర్వో నీళ్లు.

ఇక మట్టి. రెండడుగుల తొట్టి అంటే 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు. ముందు 3, వెనక 7 సెంటీమీటర్ల ఏటవాలుగా పోస్తే 9 లీటర్ల మట్టి కావాలి. కంపెనీ ఆక్వాసాయిల్ (అక్వేరియం కోసమే తయారుచేసి అమ్మే మట్టి) ఒక్క సంచి సరిపోతుంది, డబ్బుకు వెనకాడకపోతే అదే సుఖం. చెరువు మట్టి వాడదామన్న ఆశ మాత్రం మనకు సహజం. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటినుంచి పూడిక మట్టి చేలకు తోలుకోవడం కళ్లారా చూశాం, పంటకు పనికొచ్చింది తొట్టికి పనికిరాదా అనిపిస్తుంది. పనికొస్తుంది. కాకపోతే అందులో నత్తగుడ్లు, చేల నుంచి కొట్టుకొచ్చిన మందులు ఉండొచ్చు. హైడ్రిల్లా చిన్న చిన్న దుంపలుంటే అవి మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి మీ తొట్టిలో లేస్తాయి. ఎర్రమట్టి కలిసిందైతే ఇంకో సంగతి: నీట మునిగి ఆక్సిజన్ తగ్గగానే అందులోని ఇనుము కరిగే రూపంలోకి మారి, తాను పట్టి ఉంచిన ఫాస్ఫేటును వదిలేస్తుంది. వరికి అది వరం, కొత్త తొట్టికి పాచి విందు. వేసవి దుక్కుల్లాగా ఏప్రిల్, మే ఎండల్లో డాబా మీద ఆ మట్టిని నానబెట్టి, ఆరబెట్టి, జల్లించి, మళ్లీ నానబెట్టి నాలుగైదు సార్లు తిప్పండి. సేంద్రియ పదార్థం చాలావరకు అక్కడే చివికిపోతుంది. అంగుళం మందం మించకుండా వేసి పైన కడిగిన ఇసుక కప్పాలి. లోతు పెరిగితే అడుగున ఊపిరాడక నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది.

మూత బిగుతుగా లేకపోతే, గుంటలో నీరు తేలితే దోమలు గుడ్లు పెడతాయి. ముసురు కాలంలో మన దగ్గర డెంగీ మాట వినని వీధి లేదు కాబట్టి దీన్ని చిన్న విషయమనుకోవద్దు.

నాటెప్పుడు?

ఒక కుదురును పట్టకారుతో మెల్లగా పైకి లాగి చూడండి. ఊడి వస్తే ఇంకా వారం ఆగాలి. మట్టిని పట్టుకుని బిగిస్తే నీళ్లు నింపే సమయం వచ్చినట్టే. తివాచీ పూర్తిగా అల్లుకునేదాకా ఆగాల్సిన పని లేదు. మరీ మందంగా పెరిగితే కింది పొరకు వెలుతురు అందక, నీళ్లు పోశాక అక్కడే ముందు కుళ్లుతుంది. నేను నింపే ముందు రోజు పైన కత్తెర వేసి పొట్టిగా కోసేస్తాను. ఎలాగూ పోయే ఆకులే.

నీళ్లు కొద్దికొద్దిగా, వారానికి రెండంగుళాల చొప్పున పెంచితే మొక్క అలవాటు పడుతుందని కొందరంటారు. వినడానికి బాగుంటుంది. ఆ లోతులేని నిలవ నీటిలో ఫిల్టరు తిరగదు, కార్బన్ డయాక్సైడ్ ఆగదు, లైటు మాత్రం పూర్తిగా పడుతుంది. పాచికి అంతకన్నా ఏం కావాలి? ఒకేసారి నింపండి. మట్టి మీద ప్లాస్టిక్ సంచి పరిచి, దానిమీద పళ్లెం పెట్టి, సన్నటి పైపుతో నిదానంగా. మొదట నింపిన నీళ్లను పారబోసి మళ్లీ నింపండి, ఆరు వారాల నైట్రేటు, ఉప్పులు అందులోకి దిగి ఉంటాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరుగుడు మరవద్దు. మొదటి వారం రోజూ సగం నీళ్లు మార్చాలి. లైటు పన్నెండు గంటల నుంచి ఆరుకు దించాలి, కార్బన్ డయాక్సైడ్ మొదటి గంట నుంచే నడవాలి. చేపలు లేవు కాబట్టి ఇప్పుడు కాస్త ఎక్కువైనా ఊపిరాడక చచ్చేదెవరూ లేరు.

పదో రోజు దగ్గర గుండె జారుతుంది. ఆకులు పసుపు, కొన్నిచోట్ల బట్టతల. పీకేసి మళ్లీ నాటాలన్న బుద్ధి పుడుతుంది. రాలిన ఆకులను పైపుతో లాగేసి, మొక్క కొసను చూడండి. చిన్నగా, లేతగా, పాత ఆకులతో పోలిక లేని కొత్త ఆకు ఒకటి వచ్చిందా? వస్తే వేరు తన పని చేస్తోంది.

బట్టతల పడిన చోట్ల కోసం ఒక జాగ్రత్త పడతాను. నాట్లు అయిపోయాక రైతు మిగిలిన నారును పారేయడు, మడి మూలన గుచ్చి ఉంచుతాడు, చచ్చిన కుదుళ్ల సందుల్లో పెట్టడానికి. నేను నాటే రోజే రెండు కుదుళ్లను మూతున్న ఖాళీ స్వీటు డబ్బాలో, తడి మట్టి మీద పక్కన పెడతాను. కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట. దానికి అమ్మ రోజూ పొద్దున మూత తీసి గాలి పట్టిస్తుంది. పోయిన ఏడు తొట్టిలో మూడు చోట్ల సందులు పడితే, పూడ్చింది ఆ డబ్బాలోని నారే.